అన్నీ ఒకేలా ఉంటేనే చిక్కు

ఒకే మీట, దానికి తగిలించిన రెండు యంత్రాలు. మీటను ఎంత నొక్కితే రెండింటి రీడింగూ అంత పెరుగుతుంది, వెనక్కి లాగితే అంత తగ్గుతుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే రీడింగు దానంతటదే పడిపోతూ ఉంటుంది. నిమిషం గడిచేసరికి ఉన్నదాంట్లో సగమే మిగులుతుంది. ప్రస్తుతం రెండూ సున్నా దగ్గర ఉన్నాయి. మొదటిదాన్ని 1కి తేవాలి, రెండోదాన్ని సున్నాలోనే ఉంచాలి. ఎంత తెలివిగా నొక్కినా, ఎన్ని గంటలు ప్రయత్నించినా ఇది జరగదు. రెండింటికీ అందేది ఒకటే, రెండూ స్పందించేదీ ఒకేలా. వాటి మధ్య తేడా పుట్టించే దారి ఆ మీటకు లేదు.

ఇప్పుడు రెండో యంత్రం కొంచెం మతిమరుపుదనుకుందాం. నిమిషానికి సగం కాదు, పావు వంతే మిగుల్చుకుంటుంది. మీటను 4 మేర నొక్కితే రెండూ 4కి చేరతాయి. నిమిషం ఆగితే మొదటిది 2 దగ్గర, రెండోది 1 దగ్గర ఉంటాయి. అప్పుడు మీటను 1 మేర వెనక్కి లాగితే మొదటిది 1, రెండోది 0. పని అయిపోయింది. కొత్త మీట పెట్టలేదు, కొత్త తీగ కలపలేదు. రెండూ ఒకే తాను ముక్కలు కాకపోవడమే సాయపడింది.

వేర్వేరు రకాల ఏజెంట్లతో ఏర్పడిన నెట్‌వర్క్‌ను బయటి నుంచి నడపగలమా అనే పెద్ద ప్రశ్నకు ఈ చిన్న లెక్క మంచి ప్రవేశద్వారం. ఏజెంటు అంటే ఇక్కడ రోబో కావచ్చు, కారు కావచ్చు, జనరేటర్, నాడీకణం, గుంపులోని జంతువు, ఏదైనా కావచ్చు. తన స్థితిని తానే మార్చుకుంటూ, చుట్టూ ఉన్నవాటి ప్రభావానికీ లోనయ్యేది. ఇలాంటివి కలగాపులగంగా ఉంటే నడపడం కష్టమని, అన్నీ ఒకే మోడల్‌వి అయితే సులువని మామూలుగా అనిపిస్తుంది. అన్నింటినీ ఒకే చోటికి, ఒకే వేగానికి తేవడమే పని అయితే ఆ అభిప్రాయం చాలావరకు సరైనదే. ఒక్కోదాన్ని ఒక్కో చోటికి చేర్చాల్సి వచ్చినప్పుడే కథ అడ్డం తిరుగుతుంది.

నియంత్రణ శాస్త్రంలో ఈ ‘నడపగలమా’ అనే మాటకు కచ్చితమైన అర్థం ఇచ్చినవాడు రుడాల్ఫ్ కాల్మన్. 1960లో ఆయన స్థిరపరచిన నిర్వచనం ప్రకారం, వ్యవస్థ ఏ స్థితిలో మొదలైనా సరే, తగిన ఇన్‌పుట్‌తో పరిమిత కాలంలో కోరుకున్న మరే స్థితికైనా చేర్చగలిగితే దానికి కంట్రోలబిలిటీ, అంటే నియంత్రణ సాధ్యత, ఉన్నట్టు. దాన్ని తేల్చే పరీక్ష కూడా సూటిగానే ఉంటుంది. ఇన్‌పుట్ నేరుగా ఏ దిశలో నెడుతుందో చూడాలి. ఒక అడుగు గడిచాక వ్యవస్థ ఆ నెట్టుడును ఏ దిశకు మళ్లిస్తుందో, రెండు అడుగుల తర్వాత ఎటు మళ్లిస్తుందో చూస్తూ పోవాలి. స్థితిని వర్ణించడానికి ఎన్ని అంకెలు కావాలో అన్ని వేర్వేరు దిశలు దొరికితే వ్యవస్థ చేతిలో ఉన్నట్టే. మొదటి ఉదాహరణలో నెట్టుడు రెండు యంత్రాలకూ సమానం, నిమిషం తర్వాత కూడా సమానమే, కాబట్టి దొరికిన దిశ ఒక్కటే. రెండో ఉదాహరణలో నిమిషం తర్వాత సగం, పావు అనే కొత్త దిశ పుట్టింది. ఈ పరీక్ష ‘సాధ్యమా కాదా’ అని మాత్రమే చెబుతుంది. ఎంత ఖర్చవుతుందో చెప్పదు. చిక్కంతా తర్వాత అక్కడే వస్తుంది.

దీన్ని నెట్‌వర్క్‌లకు వర్తింపజేసినప్పుడు తొలి ఆశ్చర్యం 2004లో ఎదురైంది. హెర్బర్ట్ టానర్ ఒక గుంపును తీసుకున్నాడు. అందులో ఒకటి లీడర్, దాన్ని మనం నడుపుతాం. మిగతావన్నీ పొరుగువాటిని చూసి వాటికి దగ్గరగా జరుగుతుంటాయి. ప్రతి ఏజెంటూ మిగతా అందరితో కలిసి ఉన్న నెట్‌వర్క్‌లో ఒక్క లీడర్‌తో నియంత్రణ కుదరదని తేలింది. అనుచరులు ఇద్దరే ఉన్నా సరే కుదరదు. అందరికీ అందరూ కనిపిస్తే మాట బాగా పాకుతుంది కదా అనుకుంటాం. అదే ఇబ్బంది. అనుచరులందరికీ కనిపించేది ఒకే దృశ్యం, అందరిదీ ఒకే స్పందన. మీటకు తగిలించిన రెండు యంత్రాల కథే మళ్లీ. అదే ఏజెంట్లను ఒక వరసలో నిలబెట్టి, ఒక చివర ఉన్నదాన్ని లీడర్ చేస్తే ప్రతి ఒక్కదాన్నీ కోరిన చోటికి చేర్చవచ్చు. లీడర్‌ను సరిగ్గా మధ్యలో పెడితే మళ్లీ కుదరదు, ఎడమ సగం కుడి సగానికి అద్దంలో ప్రతిబింబం అయిపోతుంది.

2009లో రహ్మానీ, జీ, మెస్బాహీ, ఎగర్‌స్టెట్ ఈ విషయాన్ని సాధారణ సూత్రంగా చెప్పారు. లీడర్‌ను కదపకుండా అనుచరులను అటూ ఇటూ మార్చినా నెట్‌వర్క్ బొమ్మ మారకపోతే, అంటే లీడర్ చుట్టూ సౌష్ఠవం ఉంటే, నియంత్రణ సాధ్యత పోతుంది. సౌష్ఠవం లేనంత మాత్రాన నియంత్రణ దొరికినట్టు కాదు, ఆ ఒక్క అడ్డంకి లేనట్టు. ఈ తేడా మరిచిపోయి వాడే సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఏజెంట్లు భిన్నంగా ఉంటే సౌష్ఠవం అనే మాటకే అర్థం మారుతుంది. ఇక స్థానాలు మార్చుకోగలిగేది ఒకే రకం ఏజెంట్లు మాత్రమే. లీడర్‌కు సమాన దూరంలో రెండు డ్రోన్లుంటే చిక్కు అలాగే ఉంటుంది. ఒక డ్రోన్, ఒక చక్రాల రోబో ఉంటే ఆ చిక్కు ఉండదు. అయితే తేడాలు ఎన్ని ఉన్నాయన్నదానికంటే ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. అయిదు ఏజెంట్లు వరసలో ఉన్నాయి, లీడర్ నడుమ ఉంది. రెండు చివర్లలోని ఏజెంట్లనూ తీసేసి వేరే రకంవి పెడితే లాభం లేదు, అద్దం చెక్కుచెదరలేదు. ఒక్క చివరిదాన్ని మారిస్తే, అంటే దాని సొంత వేగం ఏ కొంచెం వేరుగా ఉన్నా, నాలుగు అనుచరులూ చేతికొస్తాయి. రెండు మార్పులు చేయలేని పనిని ఒక్క మార్పు చేసేసింది.

ఇంతకీ భిన్నత్వం అంటే ఏమిటి? అన్నిటికంటే తేలికైనది పరిమాణంలో తేడా: ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది, ఒకటి త్వరగా స్పందిస్తుంది, ఒకటి నెమ్మదిగా. ఇంకొంచెం లోతైనది స్వభావంలో తేడా. చక్రాల రోబోకు ఆదేశం ఇస్తే నేరుగా వేగం మారుతుందని లెక్క, దాని స్థితికి ఉన్న చోటు చాలు. డ్రోన్‌కు ఇచ్చే ఆదేశం బలంగా మారి త్వరణాన్ని ఇస్తుంది, కాబట్టి దాని స్థితిలో చోటుతోపాటు వేగం కూడా ఉంటుంది. మొదటిదాన్ని ఫస్ట్ ఆర్డర్ ఏజెంటు అనీ, రెండోదాన్ని సెకండ్ ఆర్డర్ అనీ అంటారు. ఈ రెండింటినీ కలిపిన గుంపులో పది ఏజెంట్లుంటే నడపాల్సిన అంకెలు పదికి మించిపోతాయి. ఇక మూడో రకం, సంబంధాల్లోనే తేడా: కొన్ని జతలు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, కొన్ని ఎడ్డెమంటే తెడ్డెమంటాయి. వీటన్నింట్లోనూ ఒకటి ఉమ్మడిగా కనిపిస్తుంది. ఎవరు ఎవరితో కలిశారో చూపించే బొమ్మ ఒక్కటే సమాధానం చెప్పదు. ఏ చుక్క లోపల ఏముందో కూడా తెలియాలి.

ఇక్కడి దాకా చదివితే తేడా ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయనే భ్రమ కలగవచ్చు. తేడా చెడగొట్టే సందర్భాలూ ఉన్నాయి. ఒక ఏజెంటు తనకు వచ్చిన సంకేతంలో మార్పును మాత్రమే ముందుకు పంపుతుంది, నిలకడగా ఉన్నదాన్ని క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. ఘాటైన వాసన కాసేపటికి ముక్కుకు తెలియకుండా పోవడం లాంటిదే. రెండో ఏజెంటు తనకు అందినదంతా కూడబెట్టుకుంటుంది. విడివిడిగా చూస్తే రెండింటినీ ఏ స్థితికైనా తీసుకెళ్లవచ్చు. మొదటిదాన్ని ముందు, రెండోదాన్ని వెనక గొలుసుగా కలిపితే మాత్రం విచిత్రం జరుగుతుంది. రెండోది కూడబెట్టేది మొదటిదాని మార్పులనే కాబట్టి, రెండింటి స్థితుల మధ్య ఎడం మొదట్లో ఎంత ఉందో చివరిదాకా అంతే ఉంటుంది. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఆ ఎడం కదలదు. వరస తారుమారు చేసి, కూడబెట్టేదాన్ని ముందు పెడితే నియంత్రణ తిరిగి వస్తుంది. ఏజెంట్లు అవే, తీగ అదే. మారింది వరస మాత్రమే. విడి భాగాలు ఒక్కొక్కటీ బాగానే ఉన్నాయని పరీక్షించి కలిపేయడం ఎందుకు సరిపోదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ ‘చుక్క లోపల ఏముంది’ అన్న ప్రశ్నపైనే 2010ల తొలినాళ్లలో ఒక ఆసక్తికరమైన వాదం నడిచింది. 2011లో యాంగ్-యు లియు, జాన్-జాక్ స్లోటిన్, ఆల్బర్ట్-లాస్లో బరబాసి నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన పెద్ద సంచలనం. 1974లో చింగ్-తాయ్ లిన్ వేసిన పునాది మీద వాళ్లు, ఏ నెట్‌వర్క్‌కైనా కనీసం ఎన్ని నోడ్‌లను, అంటే బొమ్మలోని ఎన్ని చుక్కలను, బయటి నుంచి నడపాలో లెక్కించే సులువైన పద్ధతి చూపించారు. అలాంటివాటికి డ్రైవర్ నోడ్‌లని పేరు. జన్యువులను నియంత్రించే నెట్‌వర్క్‌లలో దాదాపు 80 శాతం నోడ్‌లను నడపాల్సి వస్తుందని, కొన్ని సామాజిక నెట్‌వర్క్‌లకు అందులో చిన్న వంతు చాలని ఫలితం వచ్చింది. ఎక్కువ సంబంధాలున్న పెద్ద నోడ్‌లు డ్రైవర్లుగా పనికొచ్చేది తక్కువేనన్నది ఇంకో ఆశ్చర్యం.

మరుసటి ఏడాది నోవా కోవన్, సహచరులు దీనికి అభ్యంతరం చెప్పారు. 2011 లెక్కలో నోడ్‌లకు సొంత స్వభావం లేదు. వదిలేస్తే పడిపోవడం, తన వేగంతో తాను చల్లబడటం లాంటివేవీ లేవు. ఒక నడిమి నోడ్, దాన్నుంచి సంకేతం అందుకునే పది కొసలు ఉన్నాయనుకుంటే, ఆ పద్ధతి పది డ్రైవర్లు కావాలంటుంది. కారణం ఇప్పటికి తెలిసిందే. సొంత స్వభావం లేని పది కొసలకూ ఒకే సంకేతం అందుతోంది, అవి ఒకేలాంటి పది యంత్రాలు. ఒక్కోదానికి ఒక్కో మతిమరుపు ఇస్తే ఒక్క ఇన్‌పుట్ సరిపోతుంది. నిజమైన వ్యవస్థల్లో ప్రతి నోడ్‌కూ తనదంటూ ఒక కాలమానం ఉంటుంది కాబట్టి, ఒకే సంకేతాన్ని తగిన చోట్ల కలిపితే ఎంత పెద్ద నెట్‌వర్క్ అయినా సూత్రప్రాయంగా నడపవచ్చన్నది వాళ్ల వాదన. 80 శాతం నుంచి ఒక్కదానికి! ఈ రెండు అంకెల మధ్య అగాధం నెట్‌వర్క్ ఆకారం వల్ల రాలేదు, ఏజెంట్లు ఒకేలా ఉన్నాయా లేదా అని మొదట్లో చేసుకున్న ఊహ వల్ల వచ్చింది.

2013లో వచ్చిన మరో ఫలితం ఈ రెండు వాదాల మధ్య వంతెన లాంటిది. జెంగ్‌జోంగ్ యువాన్ బృందం చెప్పినదాన్ని తేలిక మాటల్లో పెడితే: నెట్‌వర్క్‌కు సహజంగా ఉండే స్పందన వేగాల్లో ఒకే వేగం ఎన్ని స్వతంత్ర రూపాల్లో తిరిగి తిరిగి వస్తుందో చూడాలి, కనీసం అన్ని ఇన్‌పుట్లు కావాలి. పది ఒకేలాంటి యంత్రాలు విడివిడిగా ఉంటే పది మీటలు. అందరి వేగాలూ వేరైతే ఒక్క మీట.

మరి ఒక్క మీటతో ప్రపంచాన్ని నడిపేయవచ్చా? మొదటి లెక్కలోనే జవాబుంది. రెండు యంత్రాల్లో ఒకటి నిమిషానికి 50 శాతం, ఇంకొకటి 49 శాతం మిగుల్చుకుంటాయనుకుందాం. తేడా ఉంది కాబట్టి కాల్మన్ పరీక్ష పాస్. కానీ మీటను ఈసారి 100 మేర నొక్కాలి. నిమిషం తర్వాత మొదటిది 50, రెండోది 49. అప్పుడు 49 వెనక్కి లాగితే 1, 0 వస్తాయి. నియంత్రణ శాస్త్రంలో శ్రమను సాధారణంగా ఇన్‌పుట్‌ల వర్గాల మొత్తంగా లెక్కిస్తారు. సగం-పావు జతకు ఆ మొత్తం 4×4 + 1×1, అంటే 17. ఈ జతకు 12,401. ఏడు వందల రెట్లకు పైగా ఎక్కువ. పైగా గమ్యం ఒక్క అడుగు దూరంలో ఉంటే, అక్కడికి చేరడానికి 100 దాకా వెళ్లి వెనక్కి రావాల్సి వచ్చింది. మధ్యలో ఆ 100 దగ్గర యంత్రం కాలిపోదన్న హామీ ఏ సూత్రంలోనూ ఉండదు. కొలతలో ఒక శాతం పొరపాటు చాలు, మొత్తం లెక్క తప్పుతుంది.

పెద్ద నెట్‌వర్క్‌లలో ఇది ఇంకా ఘోరం. జియే సన్, ఆడిల్సన్ మోటర్ 2013లో దీన్నే చూపించారు. డ్రైవర్లు మరీ తక్కువైతే, సిద్ధాంతం సాధ్యమన్నా కంప్యూటర్‌లో లెక్క నిలబడదు. పక్కనే ఉన్న స్థితికి చేరాలన్నా ఎక్కడెక్కడో తిరిగి రావాలి. చాలా రకాల నెట్‌వర్క్‌లలో డ్రైవర్ల సంఖ్యను పెంచకుండా నోడ్‌లను పెంచుకుంటూ పోతే అవసరమయ్యే శక్తి ఘాతాంక వేగంతో పెరుగుతుందని 2014లో పాస్క్వలెట్టి, జంపియేరి, బుల్లో నిరూపించారు. అందుకే ఇప్పటి పరిశోధనలో ‘నియంత్రించగలమా’ కన్నా ‘ఎంత ఖర్చుతో’ అన్నదే అసలు ప్రశ్న. భిన్నత్వం తలుపు తెరుస్తుంది, నిజమే. కానీ తేడా సన్నగా ఉంటే ఆ తలుపు సందులోంచి దూరడం దాదాపు అసాధ్యం. తేడా పెద్దదిగా, సరైన చోట ఉండాలి.

ఆశయం కాస్త తగ్గించుకుంటే మాత్రం చాలా పనులు అవుతాయి. రోడ్డు మీద మనుషులు నడిపే కార్లు, కంప్యూటర్ నడిపే కార్లు కలిసి తిరగడం ఇందుకు మంచి ఉదాహరణ. 2008లో ప్రచురితమైన జపాన్ ప్రయోగంలో 230 మీటర్ల వలయాకార బాటలో 22 కార్లను సమాన వేగంతో నడపమన్నారు. అడ్డంకి ఏదీ లేకుండానే కాసేపటికి ఆగుతూ సాగే ట్రాఫిక్ జామ్ దానంతటదే పుట్టి, వెనక్కి పాకడం మొదలైంది. దాదాపు పదేళ్ల తర్వాత అమెరికాలోని అరిజోనాలో అలాంటి వలయంలోనే సుమారు ఇరవై కార్లలో ఒక్కదాన్ని మాత్రం కంప్యూటర్ అదుపులో ఉంచారు. ఆ ఒక్కటి తగిన వేగంతో సాగేసరికి ఆగుతూ సాగే ఆ ట్రాఫిక్ అలలు అణిగిపోయాయి. తొందరపడి ముందు కారును తరమకుండా, ఖాళీ వదిలి నింపాదిగా వెళ్లడమే అది చేసిన పని. మామూలుగా మనిషి డ్రైవర్‌కు అంత ఓపిక ఉండదు, అక్కడే ఆ భిన్నమైన ఏజెంటు పనికొచ్చింది.

సిద్ధాంతపరంగా చూస్తే ఈ వలయం పూర్తిగా నియంత్రించదగినది కాదు. కార్ల మధ్య ఖాళీలన్నీ కలిపితే ఎప్పుడూ ఒకే మొత్తం రావాలి, ఎందుకంటే రోడ్డు పొడవు మారదు. ఏ కంప్యూటరూ ఆ మొత్తాన్ని మార్చలేదు. కాల్మన్ పరీక్షలో ఫెయిల్. అయినా ఎవరికీ నష్టం లేదు, చేతికందని ఆ ఒక్క అంశం కదలకుండా ఉంటుంది, ఎవరినీ గుద్దదు. చేతికి అందనివి వాటంతటవే సద్దుమణిగేవి అయితే చాలు, అందినవాటిని స్థిరంగా ఉంచవచ్చు. దీన్ని స్టెబిలైజబిలిటీ అంటారు. ఇంజినీరుకు ఎక్కువ సందర్భాల్లో కావలసింది ఇదే.

మొత్తం నెట్‌వర్క్ కాకుండా అందులో కావలసిన భాగాన్నే నడపడం మరో దారి. సీ. ఎలిగన్స్ అనే సూక్ష్మ పురుగుకు 302 నాడీకణాలు. వాటి సంబంధాల పటం మొత్తం అందుబాటులో ఉంది. 2017లో ఒక పరిశోధన బృందం అన్ని కణాలనూ నడపగలమా అని కాకుండా, స్పర్శను అందుకునే కణాల నుంచి కండరాలను ఎన్నింటిని నడపగలమని అడిగింది. ఏ కణాన్ని తీసేస్తే నడపగలిగే కండరాల సంఖ్య తగ్గుతుందో లెక్కకట్టింది. ఆ జాబితాలో, అంతకుముందు కదలికతో సంబంధం ఉందని తెలియని పీడీబీ అనే కణం ఉంది. లేజర్‌తో ఆ కణాన్ని తొలగించి చూస్తే పురుగు కదలికలో నిజంగానే మార్పు వచ్చింది. ఒక కణం ప్రత్యేకత దాని సంబంధాల సంఖ్యలో కాక, మిగతావి చేయలేని మళ్లింపు అది చేయడంలో ఉంది.

వీటన్నింటి వెనకా ఒక ఊహ దాగి ఉంది. లీడర్ చెబుతుంది, మిగతావి వింటాయి. లీడర్ మాత్రం ఎవరి మాటా వినదు. కాగితం మీద ఇది హాయిగా ఉంటుంది. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో బొద్దింకల గుంపులోకి చిన్న రోబోలను వదిలారు. రోబోలు చూడటానికి బొద్దింకల్లా లేవు, కానీ వాటికి బొద్దింకల వాసన పట్టించారు. వాసన కుదిరేసరికి గుంపు వాటిని తమవాటిగానే ఒప్పుకుంది. తేడా అల్లా ఇష్టంలోనే: బొద్దింకలకు చీకటి గూడు కావాలి, రోబోలకు కాస్త వెలుతురున్న గూడును ఇష్టపడమని ప్రోగ్రాం రాశారు. కలిసి తిరిగేటప్పుడు రోబోలు కూడా పక్కవాటిని గమనించి, గుంపు ఉన్నచోటే ఆగేలా చేశారు. ఆ గుణం లేకపోతే అవి గుంపులో భాగం కాలేవు మరి. దాదాపు 60 శాతం సార్లు గుంపు మొత్తం తన సహజ ఇష్టానికి విరుద్ధంగా వెలుతురున్న గూట్లోకి చేరింది. మిగతాసార్లు బొద్దింకలే రోబోలను చీకటి గూట్లోకి తీసుకుపోయాయి.